గొడుగు వేసుకుని ఇల్లు చూడాలి

మా ఇల్లు వైశాఖంలో కొన్నాం. ఆ మాట చెప్పగానే అనుభవజ్ఞులు కొందరు "అయ్యో" అంటారు. ఎందుకంటారో ఆశ్వయుజం దాకా నాకు తెలియలేదు. ఉత్తరపు గది గోడ కొత్తగా వేసిన లేత ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతూ కనిపించింది. అమ్మిన పెద్దమనిషి చల్లటి మజ్జిగ కూడా ఇప్పించాడు. పుస్తకాల బీరువాకు ఈ గది బాగుంటుందని నేనూ మా ఆవిడా అక్కడికక్కడే అనుకుని, మర్నాడే బయానా ఇచ్చేశాం.

దసరా సెలవుల్లో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగోనాటికి ఆ ఆకుపచ్చ రంగు పొక్కులు పొక్కులుగా లేచి, కింద తెల్లగా ఉప్పు పూసింది. బీరువా వెనక చెక్క ఉబ్బిపోయింది. ఎమ్మే చదివే రోజుల్లో రాసుకున్న నోట్సులన్నీ ఒకదానికొకటి అతుక్కుని అప్పడాల కట్టలా తయారయినాయి. ఇంటికోసం చేసిన అప్పు వాయిదాలు కడుతూనే, కప్పు బాగుచేయించడానికి మళ్ళీ అప్పు చేయవలసి వచ్చింది.

ఇప్పుడు మా బావమరిది హైదరాబాదు శివార్లలో ఓ ఇల్లు చూసి, దసరానాడు అగ్రిమెంటు రాసుకుంటానని ఫోను చేశాడు. అతనికి చెప్పిన మాటలే ఇక్కడా రాస్తున్నాను.

శరదృతువు అనగానే కవులకు వెన్నెల గుర్తుకొస్తుంది. కోస్తావారికి వాయుగుండం గుర్తుకొస్తుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. విశాఖను హుద్‌హుద్ తాకింది 2014 అక్టోబరు 12న. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. నెల్లూరు వైపయితే ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలు తెచ్చేదే. కనుక ఇంటి బండారం బయటపడేది ఈ నెలల్లోనే.

వాన వెలిసిన గంటలోపు వెళ్ళండి. ముందు వీధి చూడండి, నీళ్ళు ఎటు పారుతున్నాయో. తర్వాత డాబా ఎక్కండి. నీళ్ళు మడుగులు కట్టి ఉంటే తూముల వైపు వాలు సరిగా లేదన్నమాట. పిట్టగోడా స్లాబూ కలిసేచోట సన్నటి పగుళ్ళుంటాయి, వంగి చూడాలి. అనుమానం తీరకపోతే, అమ్మేవారు ఒప్పుకుంటే, తూములు మూసి రెండంగుళాల నీళ్ళు రెండు రోజులు నిలబెట్టించండి. కింద సీలింగు నిజం చెబుతుంది. ఇక గోడల సంగతి. మచ్చ పైనుంచి దిగితే దోషం కప్పుది. అడుగు నుంచి రెండు మూడడుగులు పాకితే నేలలోని చెమ్మ ఎక్కుతోందన్నమాట, దానికి వైద్యం కష్టం. ఇంట్లో ఒక్క గోడకే కొత్త రంగు కనబడితే మాత్రం ఆ గోడ దగ్గరే కాసేపు నిలబడండి. మజ్జిగ తర్వాత తాగవచ్చు.

మా బావమరిది చూసిన ఇంటి గొప్పేమిటంటే, కిటికీలోంచి చెరువు కనిపిస్తుందట! చెరువు కిటికీలోంచి కనిపిస్తే బాగానే ఉంటుంది, వంటింట్లో కనిపిస్తేనే చిక్కు. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు హైదరాబాదులో ఎన్ని కాలనీలు మునిగాయో అతనూ చూశాడు. స్థలం చెరువు శిఖంలో ఉందా, ఎఫ్.టి.ఎల్. అనే పూర్తి నీటిమట్టం గీత ఎక్కడిదాకా వస్తుంది అన్నది కాగితాల మీద తేల్చుకోవాలి. ఆ గీత లోపలి కట్టడాలను 2024లో హైడ్రా కూలగొట్టిందన్నది అందరికీ తెలిసిందే. ఇ.సి. తీస్తే చాలనుకుంటారు కొందరు. అందులో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి. అన్నదమ్ములు నోటిమాటగా చేసుకున్న పంపకాలు కనిపించవు. అంచేత లింకు దస్తావేజులన్నీ మీ సొంత వకీలు చదవాలి, అమ్మేవారి వకీలు కాదు.

ఇల్లున్నవారికి రెండు మాటలు. వానల్లో తలుపు బిగుసుకుపోయిందని వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. చెక్క చెమ్మకు ఉబ్బుతుంది. పుష్యమాసం చలిగాలికి అది తగ్గి, మీరు చిత్రిక పట్టించినంత మేరా సందు పడుతుంది. ఆ సందులోంచి మా ఇంట్లోకి చలే కాదు, ఎలుక కూడా వచ్చింది. రంగులూ అంతే. పండుగ తొందరలో తడి గోడకు వేయిస్తే లేచిపోతాయి. గోడ ఆరనిచ్చి, సంక్రాంతికి ముందు వేయించడం మేలు.

ఎండ సంగతి చాలామంది మరచిపోతారు. మే, జూన్ నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తిమీదో, కొంచెం ఉత్తరానికో ఉంటాడు. డిసెంబరులో బాగా దక్షిణానికి వాలతాడు. దక్షిణాన పక్కవారి మేడ ఉంటే, వేసవిలో వెలుతురుగా కనిపించిన ఇంట్లో చలికాలమంతా వడియాలు కూడా ఎండవు. ధనుర్మాసంలో గృహప్రవేశాలుండవు కనుక అమ్మేవారికీ తొందర తక్కువ. తీరుబడిగా చూడడానికి అంతకంటె మంచి నెల లేదు.

మా బావమరిది కాస్త మెత్తబడ్డాడు. "సరే బావగారూ, అగ్రిమెంటు ఆపుతాను, మీరూ ఓసారి వచ్చి చూడండి" అన్నాడు. వచ్చే ఆదివారం బయలుదేరుతున్నాం. మా ఆవిడ పంచాంగం తిరగేస్తోంది, నేను వాతావరణ సూచన వింటున్నాను. ఆవిడకు మంచి తిథి కావాలి, నాకు మంచి వాన కావాలి.