పరుగెత్తు బిడ్డలు - ఇంటి సేద్యము

సంఘ సభ్యులగు రైతు సోదరులారా!

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో సోమశిల నీరందని మెట్ట గ్రామముల బాటల వెంబడి వేకువనే పరుగెత్తు పడుచువారిని మీరెరుగుదురు. వారికిది వినోదము కాదు, బ్రతుకు తెరువు. 2022 వ సంవత్సరపు కానిస్టేబులు నియామక ప్రకటన ననుసరించి 1600 మీటర్ల దూరమును పురుషులు 8 నిమిషములలోను, స్త్రీలు 10 నిమిషముల 30 సెకండ్లలోను ముగింపవలసి యుండెను. రాష్ట్రమంతటికిని కొలువులు 6,100. తుది ఫలితములు వెలువడుసరికి 2025 వచ్చినది. అంతకాలము కాచుకొనిన బిడ్డ ఏమి తినవలెను, ఏమి చేయవలెను?

సైన్యపు త్రోవయు నిట్టిదే. 2022 జూన్ నెలలో ప్రకటించిన అగ్నిపథ పథకము ప్రకారము కొలువు 4 సంవత్సరములు. అటుపిమ్మట నిలుపుకొనబడువారు నూటికి 25 మందికి మించరు. తక్కినవారు రమారమి 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధితో నిండు యౌవనమున ఇల్లు చేరవలసినవారే.

పరదేశములను చూడుడు. ఇథియోపియాలోని బెకోజీ చుట్టును సేద్యమే గల చిన్న పట్టణము. ఆ ప్రాంతపు బిడ్డ దెరార్తు తులు 1992 లో బార్సిలోనా ఒలింపిక్సున 10,000 మీటర్ల పరుగులో స్వర్ణపతకము గెలిచెను. కెన్యా మెరకసీమలలో పరుగున గడించిన ధనమును భూమిమీదను, పాడిపశువులమీదను పెట్టినవారు పెక్కండ్రు. కాని అచటను గెలిచినవారు కొందరే. తక్కినవారికి సేద్యమే శరణ్యము.

కావున మేము మూడు సంగతులు మనవి చేయుచున్నాము.

మొదటిది ఆహారము. పరుగెత్తువానికి డబ్బాలలోని పొడులు అక్కరలేదు. రాగిసంకటి, కందిపప్పు, వేరుసెనగలు, పాలు, గ్రుడ్లు మన యింటనే కలవు. అమ్మకమునకు పోవు పాలలో బిడ్డ పాలు ముందుగా తీసియుంచుడు.

రెండవది పగటి పని. పరుగు ప్రొద్దెక్కకమునుపే ముగియును. పిదప పాడి, మేకల పెంపకము, ఉదయగిరి కొయ్య గరిటెల పని వంటి దొకటి నేర్చినయెడల కొలువు రాకున్నను చేయి ఖాళీగా నుండదు. కూతుండ్రకును ఈ మాటయే వర్తించును.

మూడవది ధనము. శిక్షణ రుసుమునకై పొలము తాకట్టు పెట్టకుడు. సేవానిధి చేతికి వచ్చినపుడు పెండ్లి ఆర్భాటములకు వ్యయపరుపక, పాత అప్పు తీర్చి, మిగిలినది డిపాజిట్టుగా నుంచి, అందుండి కొంత పాడికో, బిందుసేద్యమునకో వినియోగింపుడు.

రాబోవు సర్వసభ్య సమావేశమునకు మీ పరుగెత్తు బిడ్డలను వెంటబెట్టుకొని రండు. వారి మాటయు విందము.