రెండు బిందెల నీళ్లు.. ఒక చీకటి గది!

తొలకరి పడిందంటే చాలు, మా వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు. ఎక్కడెక్కడి నుంచో సద్దులు కట్టుకుని మరీ వస్తారు. నాకు మాత్రం వెండి పిచ్చి పట్టింది. ఫొటో ఫిల్ము మీద ఉండేవి వెండి లవణాలే కదా! పగలంతా ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి కోడింగ్, రాత్రయితే పాత మిద్దెలో ఎర్రలైటు కింద ఫొటోలు కడగడం.. ఇదీ నా వరస.

దీనంతటికీ కారణం ఒక నెగెటివ్. మా అవ్వకు జీవితంలో తీసిన ఫొటో ఒక్కటే. దాన్ని చెదలు తినేశాయి. నెగెటివ్ మాత్రం ట్రంకుపెట్టె అడుగున కవర్లో మిగిలింది. స్కాన్ చేసి ఫోన్లో చూసుకోవచ్చు, కాదనను. కానీ వెలుగు ఆ నెగెటివ్‌లోంచే వచ్చి కాగితం మీద బొమ్మ కట్టాలని నా పట్టుదల.

అమ్మ ఒకటే అడిగింది. "నీళ్లు యాడివిరా? కుళాయి వచ్చేదే మూడ్రోజులకొకసారి."

న్యాయమైన ప్రశ్నే. ఫిల్మును పది నిమిషాలు పారే నీళ్లలో కడగాలనేది పాత పద్ధతి. మా ఊళ్లో ఆ మాటంటే తంతారు. ఇల్ఫోర్డ్ కంపెనీ చెప్పిన పొదుపు పద్ధతి నన్ను కాపాడింది. డెవలప్ చేసే డబ్బా నింపి 5సార్లు తలకిందులు చేసి పారబోయాలి. మళ్లీ నింపి 10సార్లు, మూడోసారి 20సార్లు. డబ్బాకు పట్టేది సుమారు 300 మిల్లీలీటర్లే కాబట్టి లీటరులోపే పని అయిపోతుంది. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి మరకలు పడతాయి. అందుకని మందు కలపడానికీ, చివరి తడుపుకీ క్యాన్ నీళ్లే వాడతాను.

ఇక ఎండ సంగతి. డెవలపర్‌కు 20 డిగ్రీలు మేలంటారు. ఏప్రిల్లో మా దగ్గర 40 దాటుతుంది. వేడి ఎక్కువైతే ఫిల్ము మీది జిలాటిన్ పూత మెత్తబడుతుంది. మరి సికింద్రాబాదులో రాజా దీన్‌దయాళ్ స్టూడియో నడిపిన రోజుల్లో ఏసీలు ఎక్కడివి? నా ఏసీ మట్టికడవ. గాలి ఎంత పొడిగా ఉంటే కడవ అంత చల్లబరుస్తుంది. కరువు నేల చేసే మేలు ఇదొక్కటే! అయినా 24 దగ్గర ఆగితే సమయం తగ్గిస్తాను. 20 దగ్గర 10 నిమిషాలు పట్టేది 24 దగ్గర దాదాపు 7 చాలు.

గదికి పెద్ద ఖర్చేమీ లేదు. వేరుశనగ మూటలు పక్కకు జరిపి, పైన గవాచి మూసి, తలుపు సందుల్లో నల్లగుడ్డ కుక్కాను. ఎర్రలైటును నమ్మే ముందు ఒక పరీక్ష ఉంది. ఫొటో పేపరు మీద రూపాయి బిళ్ల పెట్టి, ఆ లైటు కింద 5 నిమిషాలు ఉంచి డెవలప్ చేయండి. బిళ్ల ఆకారం కనిపించిందా, ఆ బల్బు పనికిరాదు.

అవ్వ ఫొటో వేసిన రాత్రి అమ్మను కూడా లోపలికి పిలిచాను. పేపరును ట్రేలో ముంచి మెల్లగా ఊపుతుంటే ముందు చీర అంచు తేలింది. తర్వాత ముక్కుపుడక. ముఖం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. అమ్మ ట్రే మీదికి వంగి, "అత్తా" అంది. ఇంకేం అనలేదు.

ఆ తర్వాత బొమ్మను నిలబెట్టేది హైపో. వెండి లవణాలను అది కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది కాబట్టి చేలోనో బావి పక్కనో పారబోయకూడదు. నేను ఇనుపపీచు వేసి ఉంచుతాను, వెండి అడుగున మడ్డిగా దిగుతుంది. మిగిలిన నీళ్లు కూడా కుడితి తొట్టి ఛాయలకు పోనివ్వను. ట్రేలు, గ్లాసులు వంటింటివి అసలే వద్దు.

ఇప్పటికి వాడుతున్నది ప్లాస్టిక్ పూత పేపరు. రెండు నిమిషాలు కడిగితే చాలు. తరాలు నిలిచేది ఫైబర్ పేపరు, కానీ దాన్ని గంటసేపు కడగాలి. అవ్వ కోసం ఒక ప్యాకెట్ తెప్పించి బీరువాలో పెట్టాను, ఇంకా తెరవలేదు. చెరువులోకి నీళ్లొచ్చాక చెప్పమంది అమ్మ.