శిలువలు కాని శిలువలు

గోదావరి ఒడ్డు అడవుల్లో, ములుగు జిల్లా కాటాపూర్, మల్లూరు పరిసరాల్లో, పాతకాలపు రాతి సమాధుల పక్కన శిలువలాంటి నిలువురాళ్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒకే బండలోంచి తొలిచినది. నిజాం కాలంలో ఈ అడవులు తిరిగిన ముల్హెరాన్ అనే ఆయన 1868లో వాటి గురించి రాశాడు. అప్పటి నుంచి రెండు ప్రశ్నలు వాటిని వదల్లేదు: ఆ ఆకారం దేనికి గుర్తు, దాని వయసెంత?

మొదట గట్టిగా జవాబు చెప్పినవాడు జేమ్స్ ఫెర్గూసన్. భారతీయ వాస్తుచరిత్రకు దారి వేసిన పండితుడు, కలకత్తాలో నీలిమందు వ్యాపారం చేసినవాడు. 1872లో అచ్చయిన తన గ్రంథంలో ఈ రాళ్లు క్రైస్తవుల శిలువలేనని తేల్చేశాడు. శిలువ అయితే క్రీస్తు తర్వాతిదే కావాలి, దాని పక్కనున్న సమాధీ అప్పటిదే కావాలి! రాక్షస గుళ్లని జనం పిలిచే ఈ కట్టడాలు మరీ పాతవి కావని వాదించేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్‌ను కూడా ఆయన రోమన్ల తర్వాతి కాలానికి లాగాడు. అక్కడి పెద్ద రాళ్లు నిలిచింది సుమారు క్రీ.పూ. 2500లో.

ఫెర్గూసన్ చూపు తక్కువది కాదు, వరుస తప్పింది. ముందు అర్థం ఖాయం చేసుకుని, అందులోంచి కాలాన్ని పిండాడు. ఇంగ్లండు చర్చిల్లోని మధ్యయుగపు సమాధి బొమ్మల విషయంలోనూ ఇదే జరిగింది. కాలు మీద కాలు వేసుకుని పడుకున్న వీరుడి బొమ్మ కనిపిస్తే చాలు, క్రూసేడు యుద్ధానికి వెళ్లొచ్చినవాడని చాలాకాలం నమ్మారు. క్రూసేడులకు దండుగా కదిలిన ఫ్రాన్సులో ఆ భంగిమ ఎక్కడా పెద్దగా కనిపించదు. అది ఆనాటి ఇంగ్లిషు శిల్పుల వాడుక, అంతే. అక్కడి బొమ్మల కాలాన్ని తేల్చేది కాళ్లు కాదు, కవచం, డాలు, శిరస్త్రాణాల తీరు.

గోదావరి బొమ్మలకు కవచం లేదు, శాసనం లేదు. కానీ భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దొంగతోగులో కొన్ని రాళ్లకు స్తనాలు చెక్కి ఉన్నాయి. స్తనాలున్న శిలువ ఏ చర్చిలోనూ ఉండదు. పై కొస తల, అడ్డంగా పొడుచుకొచ్చినవి భుజాలు, కింది పొడుగంతా ఒళ్లు. ముఖాన కళ్లూ ముక్కూ తీర్చకపోవడం వల్లే దూరం నుంచి శిలువ అనిపిస్తుంది. తమిళనాడులోని మోట్టూరులోనూ ఇలాంటి మనిషి రాయి ఉంది.

ఇక వయసు. రాయి వయసు భూగర్భ శాస్త్రజ్ఞుడు చెబుతాడు గానీ, దాన్ని చెక్కిన రోజు ఏదో రాయి చెప్పదు. చెప్పేది సమాధిలోని కుండ. కుండమట్టిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి. ఆ మట్టిలోనూ, చుట్టూ ఉన్న నేలలోనూ ఉండే యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే రేడియేషన్ ఆ రేణువుల్లోని ఎలక్ట్రాన్లను చోటు తప్పిస్తుంది. అవి స్ఫటికంలోని లోపాల్లో చిక్కుకుని, ఏళ్ల తరబడి పోగవుతాయి. కుమ్మరి ఆవంలో కాల్చినప్పుడు పాత నిల్వంతా ఖాళీ అవుతుంది, లెక్క సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది. వేల ఏళ్ల తర్వాత ప్రయోగశాలలో ఆ పెంకు పొడిని వేడి చేస్తే, చిక్కుకున్న ఎలక్ట్రాన్లు విడుదలై సన్నని వెలుగు చిమ్ముతాయి. ఆ వెలుగును బట్టి పెంకు మొత్తం ఎంత రేడియేషన్ తిన్నదో తెలుస్తుంది. ఏడాదికి ఎంత తింటుందో లెక్కగట్టి దానితో భాగిస్తే వయసు వస్తుంది. మట్టికుండ తన పుట్టినరోజును తానే దాచుకుందన్నమాట! ఎముకో బొగ్గో దొరికితే కార్బన్ పద్ధతి ఉండనే ఉంది.

ఈ సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు దక్షిణాది ఇనుప యుగానివి. ఆ యుగం స్థూలంగా క్రీ.పూ. 1000 నుంచి క్రీస్తు శకం తొలినాళ్ల దాకా. సికింద్రాబాద్‌ను ఆనుకుని ఉన్న మౌలాలిలో బయటపడిన సమాధులూ ఆ కాలానివే, కాకపోతే అక్కడ బొమ్మలు లేవు.

కాలం తేలాక అర్థం తేలిక. సమాధి పక్కనే, ఆడా మగా తేడాతో నిలబెట్టిన రాయి దేవతకన్నా చనిపోయిన మనిషికే ఎక్కువ నప్పుతుంది. క్రీ.శ. మూడో శతాబ్దంలో నాగార్జునకొండలో ఇక్ష్వాకులు మృతుల రూపాలు చెక్కి, పేర్లు రాసి ఛాయాస్తంభాలు నిలిపారు. బస్తర్ మరియా గోండులు పోయినవాళ్లకు రాళ్లు పాతే ఆనవాయితీ ఆధునిక కాలం దాకా సాగింది.

నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషమే. గోదావరి మనిషి రాళ్లకు ఆ యోగం పట్టలేదు, గుప్తనిధుల వేటగాళ్ల గడ్డపార మాత్రం తప్పలేదు. పెంకు వయసు కట్టాలంటే అది పడి ఉన్న చోటి మట్టి కూడా కావాలి. అందుకే అటు వెళ్లినవాళ్లు గుర్తుగానైనా సరే, ఒక్క పెంకు కూడా జేబులో వేసుకోవద్దు.