ఫోర్కు ఆయిల్ కారుతోందా... ముందు బ్రేకు జాగ్రత్త!

పిడుగురాళ్ల: పాత మోటారు సైకిలు ముందు ఫోర్కు నుంచి ఆయిల్ కారుతుంటే చాలామంది గుడ్డతో తుడిచేసి బండి ఎక్కుతారు. కారిన ఆయిల్ అక్కడితో ఆగదు. గొట్టం వెంట కిందికి దిగుతుంది. డిస్కు ప్యాడ్లకు అంటినా, డ్రమ్ములోని లైనర్లకు చేరినా బ్రేకు జారుతుంది. ఎదురుగా గేదె అడ్డం వచ్చినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు.

ఉక్కు గొట్టం, దానిపై జారే అల్యూమినియం గొట్టం, లోపల స్ప్రింగు, ఆయిల్... ఫోర్కు అంటే ఇంతే. రెండు గొట్టాలు కలిసే మూతి వద్ద రబ్బరు సీలు ఆయిల్‌ను ఆపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. పల్నాడులో దీనికి సున్నపు ధూళి, పొలాల బురద తోడవుతాయి. గొట్టంపై ఎండిన బురద గరుకు కాగితంలా సీలు అంచును అరగదీస్తుంది.

సీలు కొనడానికి ముందు ఒక ప్రయత్నం చేయవచ్చు. డస్ట్ కవర్ పైకి లేపి, పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నగా కత్తిరించి, సీలు అంచు లోపల చుట్టూ తిప్పాలి. ఇరుక్కున్న ఇసుక బయటికి వస్తే కారడం ఆగిపోవచ్చు. ఖర్చేమీ లేదు.

అయినా ఆగకపోతే విప్పాల్సిందే. బండిని కదలకుండా నిలిపి, ముందు చక్రం నేల నుంచి లేచేలా ఇంజిను కింద దిమ్మె పెట్టాలి. ఫోర్కు బండిపై ఉండగానే పై బోల్టును, అడుగున ఉన్న ఎలన్ బోల్టును కొద్దిగా వదులు చేయాలి. స్ప్రింగు ఒత్తిడి ఉన్నప్పుడే అడుగు బోల్టు సులువుగా వస్తుంది. తర్వాతైతే లోపలి కడ్డీ దాంతో పాటే తిరుగుతూ విసిగిస్తుంది. పై బోల్టు కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది కనుక దాన్ని పూర్తిగా తీసేటప్పుడు ముఖం దూరంగా ఉంచాలి. డిస్కు బండి అయితే క్యాలిపర్‌ను తీగతో కట్టి వేలాడదీయాలి. అది బయట ఉండగా బ్రేకు లివరు నొక్కరాదు.

అసలు పరీక్ష గొట్టానిదే. సీలు జారే భాగంపై గోరు నడపాలి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే గీతో, తుప్పు గుంటో ఉన్నట్టే. చిన్న గరుకైతే సన్నరకం నీటి కాగితంతో నునుపు చేయవచ్చు. క్రోమ్ పూత లేచిపోతే ఎన్ని సీళ్లు మార్చినా ఫలితం శూన్యం. గొట్టాన్ని చదునైన కడప బండపై దొర్లిస్తే వంపు తెలుస్తుంది. వంగితే మార్చడమే మేలు.

ఒకవైపే కారుతున్నా రెండు సీళ్లూ మార్చాలి. గొట్టం కొసకు పాలిథిన్ చుట్టి, ఆయిల్ రాసి, అంకెలున్న వైపు పైకి ఉండేలా సీలు దించాలి. పాత సీలును దానిపై ఉంచి, సరిపడే పీవీసీ పైపుతో సమంగా కొట్టాలి. క్లిప్పు గాడిలో పూర్తిగా కూర్చోవాలి. అడుగు బోల్టు రాగి వాషరు కొత్తది వేయాలి. ఆయిల్ రకం, పరిమాణం కంపెనీ పుస్తకంలో చెప్పిన మేరకే ఉండాలి. రెండు వైపులా సమానంగా కొలిచి పోయాలి. చేతిలో ఉందని ఇంజిన్ ఆయిల్ పోసేవారున్నారు, అది పద్ధతి కాదు.

డ్రమ్ము బండిలో చక్రం బిగించేటప్పుడు బ్రేకు ప్లేటు గాడి ఫోర్కుపై ఉన్న బొడిపెలో కూర్చుందో లేదో తప్పక చూడాలి. అది తప్పితే బ్రేకు నొక్కగానే ప్లేటు తిరిగి చక్రం పట్టేసి మనిషి పడిపోతాడు. ఆయిల్ తాగిన ప్యాడ్లు, లైనర్లు తిరిగి వాడరాదు.

మొదట ఇంటి ముందే నెమ్మదిగా నడిపి బ్రేకు పరీక్షించాలి. ఓ 50 కిలోమీటర్లు తిరిగాక గొట్టాన్ని చూడాలి. పలుచని తడి సహజం. చుట్టూ ఆయిల్ వలయం కడితే లోపం సీలులో కాదు, గొట్టంలో ఉన్నట్టు అనుమానించాలి.