దివ్యాంగులకు సమాన అవకాశాలు: ప్రభుత్వ సంస్థల చట్టబద్ధ బాధ్యతలు

ప్రభుత్వ ఉద్యోగాలలో దివ్యాంగులకు సమాన అవకాశాలు కల్పించడం అధికారుల దయాదాక్షిణ్యాలపై ఆధారపడిన విషయం కాదు. అది ఆయా సంస్థలపై చట్టం మోపిన విధి. 1995 నాటి చట్టం స్థానంలో రూపొందిన దివ్యాంగుల హక్కుల చట్టం-2016, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. దీనితో చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్య 7 నుంచి 21కి పెరిగింది. ప్రభుత్వ శాఖలతోపాటు ప్రభుత్వ కంపెనీలు, స్థానిక సంస్థలు, ప్రభుత్వ సహాయం పొందే సంస్థలు దీని పరిధిలోకి వస్తాయి.

నియామకాలు: ప్రతి గ్రూపు పోస్టులలోని ఖాళీలలో కనీసం 4 శాతాన్ని, 40 శాతానికి తగ్గని వైకల్యం గలవారికి కేటాయించాలి. అర్హులు లభించని పక్షంలో ఆ ఖాళీని మరుసటి నియామక సంవత్సరానికి బదలాయించాలి. అప్పుడూ లభించకపోతే ఇతర వైకల్య వర్గాల వారికి అవకాశమివ్వాలి. వారూ లేనప్పుడే ఇతరులతో భర్తీ చేయవచ్చు.

ఉద్యోగ రక్షణ: సర్వీసులో ఉండగా వైకల్యం సంభవించిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత విధులు నిర్వహించలేని స్థితిలో ఉంటే, అదే వేతన స్కేలు, సర్వీసు ప్రయోజనాలతో మరో పోస్టుకు మార్చాలి. తగిన పోస్టు లేనప్పుడు, అది లభించే వరకు లేదా పదవీ విరమణ వయస్సు వరకు సూపర్ న్యూమరరీ పోస్టులో కొనసాగించవచ్చు. కేవలం వైకల్యం కారణంగా పదోన్నతి నిరాకరించడం కూడా చట్టవిరుద్ధం. పాత చట్టంలోనూ ఇటువంటి రక్షణ ఉండేది. పింఛను మంజూరు చేశామన్న కారణంతో ఆ రక్షణను నిరాకరించరాదని 2003లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే, పని స్వభావాన్ని బట్టి కొన్ని సంస్థలకు నోటిఫికేషన్ ద్వారా మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది.

ఫిర్యాదుల పరిష్కారం: ప్రతి సంస్థ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించి, దాని ప్రతిని చీఫ్ కమిషనర్ లేదా రాష్ట్ర కమిషనర్ వద్ద నమోదు చేయించాలి. ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించాలి. ఆ అధికారి ఫిర్యాదును రిజిస్టరులో నమోదు చేసి, రెండు వారాలలో విచారణ జరపాలి. తీసుకున్న చర్యతో సంతృప్తి చెందని ఉద్యోగి జిల్లా స్థాయి కమిటీని ఆశ్రయించవచ్చు.

చట్టాన్ని ఉల్లంఘించిన వారికి మొదటిసారి రూ. 10,000 వరకు, ఆపై ప్రతి ఉల్లంఘనకు రూ. 50,000 నుంచి రూ. 5 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. కాబట్టి ఉద్యోగి తన వైకల్యాన్ని దాచుకోవలసిన అవసరం గానీ, ఒత్తిడికి లోనై రాజీనామా చేయవలసిన అవసరం గానీ లేదు. తగిన పని చూపవలసిన బాధ్యత సంస్థదే.