తెలుగు ర్యాప్ మాటల నడక: నాజర్ బుర్రకథ నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు ర్యాప్‌ను పరిశోధనాంశంగా ఎంచుకొనేవారికి మొదట ఎదురయ్యే ఆక్షేపణ, అది దిగుమతి సరుకు అన్నది. పుట్టుక విషయంలో ఈ మాట నిజమే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో డీజే కూల్ హెర్క్ పాల్గొన్న వేడుకను హిప్‌హాప్‌కు ఆరంభంగా చెబుతారు. అటువంటి వేడుకల సంగీతం క్యాసెట్ల మీద చేతులు మారగా మిక్స్‌టేప్ రూపొందింది. రికార్డు కంపెనీ ప్రమేయం లేకుండా కొత్త గాయకుడు తన పాటలను తానే గుదిగుచ్చి శ్రోతల ముందుంచే సంపుటికి నేడు ఆ పేరు వాడుకలో ఉంది. తెలుగువారికి ఈ పద్ధతిని చేరువ చేసినవాటిలో సినిమా ఒకటి. ‘కాదలన్’ (1994) తెలుగు రూపమైన ‘ప్రేమికుడు’లోని పేట ర్యాప్ తెలిసిన ఉదాహరణ.

అయితే పుట్టుక వేరు, భాషలో నిలదొక్కుకోవడం వేరు. తాళానికి మాటను కట్టి, జనం మధ్య నిలబడి వర్తమానాన్ని నిలదీసే కళ గుంటూరు సీమకు కొత్త కాదు. పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920–1997) ప్రజానాట్యమండలి వేదికలపై పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతోపాటు బెంగాల్ కరువును కూడా బుర్రకథగా చెప్పాడు. దూరాన జరుగుతున్న ఆకలిచావులు పల్లె అరుగు మీదికి వార్తగా, పాటగా ఒకేసారి వచ్చాయన్నమాట. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆయన జీవితకథ పేరు ‘పింజారి’. పత్తి ఏకే వృత్తివారి పేరది. పత్తిసీమ కళాకారుని కథకు ఇంతకన్న తగిన పేరు ఉండదు.

రెండు ప్రక్రియలకూ చారిత్రక సంబంధం లేదు. పోలిక ఉన్నది భాష పనిచేసే తీరులో. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది గనుక ‘వచ్చాడు, తెచ్చాడు, ఇచ్చాడు’ అంటూ అంత్యప్రాస అప్పనంగా దొరుకుతుంది. అప్పనంగా దొరికింది కనుకనే దానికి విలువ తక్కువ. యువ ర్యాపర్ల రచనల్లో తరచు కనిపించే బలహీనత ఇదే. మన భాష అజంతమైనందున ఇంగ్లీషు హల్లుల కొట్టు మనకు పదాంతంలో రాదు, పదమధ్యంలో వస్తుంది. మిర్చి, పత్తి, బస్తా, గిట్టుబాటు వంటి మాటల్లోని ద్విత్వ, సంయుక్తాక్షరాలే ఇక్కడ డప్పు దెబ్బలు. బుర్రకథకుడు అందెల మోతను సరిగ్గా ఈ గురువుల మీదికి తెచ్చుకోగలడు. ర్యాపర్‌కూ కావలసింది ఆ చెవే.

వంతల సంగతి మరింత ఆసక్తికరం. ఒక వంత హాస్యం, మరొక వంత రాజకీయ వ్యాఖ్య చెబుతారు. కథకుడి మాటకు అక్కడే ఎదురుమాట పుడుతుంది. ఒంటరిగా గదిలో రికార్డు చేసిన మిక్స్‌టేప్‌లో ఎదురుగొంతు కూడా తరచు గాయకుడిదే కావడంతో, ఆ వాదం స్వగతంగా కుంచించుకుపోయే ప్రమాదం ఉంది.

అచ్చయిన బుర్రకథ ప్రతి నడకను చూపదు. ఊపిరి ఎక్కడ ఆగిందో, దెబ్బ ఏ అక్షరంపై పడిందో కాగితం మీద ఉండదు. అందువల్ల మిక్స్‌టేప్‌ను పాఠ్యంగా స్వీకరించే పరిశోధకుడు సాహిత్యాన్ని మాత్రమే ఎత్తిరాసుకొంటే చాలదు. విన్న ప్రతి ఏది, ఎప్పటిది అన్నది నమోదు చేసి, తాళస్థానాలను గుర్తించి, ధ్వనిముద్రణను భద్రపరచిన తరువాతనే విశ్లేషణకు పూనుకోవాలి.