రైళ్ల సంభాషణ – తరంగాల ఆటంకం

తెనాలి కూడలి నుండి విజయవాడ, గుంటూరు, బాపట్ల, రేపల్లె దిశలకు రైలు మార్గాలు చీలిపోతాయి. బాపట్ల మీదుగా సాగేది చెన్నై వెళ్లే ప్రధాన మార్గం. రేపల్లెతో ముగిసిపోయేది శాఖా మార్గం. పొగమంచు కమ్మిన వేళ సిగ్నలు దీపం డ్రైవరుకు కానరాకపోవచ్చు. అటువంటప్పుడు ముందున్న ప్రమాదాన్ని ఇంజనుకు తెలుపగలది రేడియో తరంగమే. ఆ తరంగానికే ఆటంకం కలిగితే ఏమవుతుంది?

ప్రశ్న ఊహాజనితం కాదు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి సమీపంలో ఒక ప్రయాణికుల రైలును వెనుక నుండి మరొకటి ఢీకొన్నది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ మార్గంలో అప్పటికి 'కవచ్' వ్యవస్థ లేదు.

భారతీయ రైల్వే పరిశోధన సంస్థ రూపొందించిన కవచ్‌ను ప్రయాణికుల రైళ్లపై 2016లో దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షించారు. పట్టాల నడుమ అమర్చిన చిన్న ఫలకాలను చదివి ఇంజను తానున్న చోటును గుర్తిస్తుంది. ఆ వివరాన్ని రేడియో ద్వారా స్టేషనుకు పంపుతుంది. ఎంత దూరం సాగవచ్చునో స్టేషను తిరిగి తెలుపుతుంది. 2022 మార్చి 4న వికారాబాద్ ప్రాంతంలో జరిగిన ప్రదర్శనలో ఒక ఇంజను ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగిపోయింది.

అయితే గాలి అందరిదీ. ఒకే పౌనఃపున్యం మీద రెండు ఇంజన్లు ఏకకాలంలో పలికితే స్టేషను యాంటెనాకు ఏ మాటా స్పష్టంగా అందదు. తెనాలి వంటి కూడలిలో చిక్కు మరింత జటిలం. బాపట్ల వైపు నుండి వచ్చే ఇంజనూ, రేపల్లె వైపు నుండి వచ్చే ఇంజనూ దూరం వల్ల ఒకదాని మాట మరొకటి వినలేకపోవచ్చు. స్టేషనుకు మాత్రం రెండూ వినవస్తాయి. ఎదుటివాడు మౌనంగా ఉన్నాడని భ్రమించి రెండూ ఒకేసారి మాట్లాడుతాయి. కాబట్టి "విని మాట్లాడు" అనే నియమం ఇక్కడ చాలదు.

దీనికి ఉపాయం కృష్ణా డెల్టా రైతుకు తెలియనిది కాదు. కాలువ నీటిని వంతులవారీగా పెట్టుకున్నట్లే, ప్రతి ఇంజనుకు క్షణంలో కొంత భాగాన్ని కేటాయిస్తారు. గడియారాలన్నీ ఉపగ్రహ సంకేతాలతో ఏకమై ఉంటాయి గనుక వంతు తప్పదు. పక్కపక్క స్టేషన్లకు వేర్వేరు పౌనఃపున్యాలు ఇస్తారు.

అన్ని ఆటంకాలూ వంతులకు లొంగవు. 25,000 వోల్టుల తీగకూ ఇంజను పైచట్రానికీ నడుమ ఎగసే మెరుపు కూడా రేడియో రణగొణను పుట్టిస్తుంది. అక్రమంగా వాడే ప్రసార సాధనం సరేసరి.

మాట అందనప్పుడు వ్యవస్థ ఏమి చేయాలన్నదే అసలు పరీక్ష. ఇచ్చిన అనుమతి కొంత దూరానికే పరిమితం. కొత్త మాట రాకుంటే రైలు దాన్ని దాటి సాగరాదు. మౌనాన్ని క్షేమంగా కాక, ప్రమాదంగా భావించే ఏర్పాటు ఇది. దీనికీ మూల్యం ఉంది. తరంగాల ఆటంకం తరచైతే రైళ్లు అకారణంగా ఆగుతాయి. అలా ఆగిన ప్రతిసారీ డ్రైవరుకు యంత్రంపై నమ్మకం కొంత సడలుతుంది.